ఆధి లేని దానము

(వాకాడు ధార్మికసభయందు చేసిన ఉపన్యాసపాఠము)



 దానమును గూర్చి మాటలాడవలసినదని నిర్వాహకులు కోరిరి. బలిచక్రవర్తి దానమును, రంతిదేవుని దానమును మీరు పురాణశ్రవణములలో ఎన్నిమారులో వినియున్నారు. కావున దానమహిమను మరల వర్ణింపను. దానమునకు ముందు ఎక్కవలసిన మెట్టు ఒకటి కలదు. దానిని మాత్రమే నేడు చెప్పెదను.

స్వామికి ఒక ఎకరము పొలమో, ఇరువది అంకణముల స్థలమో సమర్పింపవలెనని సంకల్పించిన భక్తుడు దస్తావేజు లేఖరి యొద్దకు పోయినచో, ఆ లేఖరి అడుగు మొదటి ప్రశ్నలలో "ఈసీ తీయించితిరా?" అనునది ఒకటి. ఈసీ అనగా ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు. తెలుగులో ఋణభార ధ్రువపత్రమని వ్రాయుచున్నారు. పెక్కుమంది దీనిని కచేరీలవారు కోరు కాగితములలో ఒకటిగా మాత్రమే తలంతురు. నా మనవి వేరు. ఈ కాగితము అడుగు ప్రశ్నను మన ధర్మశాస్త్రము ఏనాడో అడిగినది. "నీవు ఇచ్చునది నిజముగా నీదేనా? దానిపై మరియొకరి చేయి లేదు కదా?" అన్నదే ఆ ప్రశ్న.

మొదట పదమును విచారింతము. ఎన్‌కంబరెన్సు అను మాట ప్రాచీన ఫ్రెంచి భాషనుండి ఆంగ్లమునకు వచ్చినది. ఆ భాషలో దీనికి మూలమైన పదమునకు నదికి అడ్డముగా వేసిన కట్ట యని అర్థము. పారు నీటిని నిలుపునది ఎన్‌కంబరెన్సు. వాకాడువారికి ఇంతకంటె వివరము అక్కరలేదు. శ్రీకాళహస్తీశ్వరుని సన్నిధిని దాటి వచ్చు స్వర్ణముఖి మన యూరియొద్ద బ్యారేజి కడ నిలిచి, ఆ పిదపనే సముద్రమును చేరుచున్నది. కట్ట కట్టినంతమాత్రమున నది నశింపలేదు. నీరు నీరే. కాని దాని నడక ఇక స్వేచ్ఛగా లేదు. భూమిపై భారమును అట్టిదే. భూమి యజమానునిదే, పంట అతనిదే కావచ్చును. కాని ఆ భూమి ఇంకొకరి చేతికి స్వేచ్ఛగా పోజాలదు.

ఈ మాట పలుకు జాతి మన తీరమునకు క్రొత్తది కాదు. చెన్నపట్టణమునకు పునాది పడిన 1639కి ముందే, 1626లో, ఆంగ్లేయ వర్తకులు మన మండలములోని దుగరాజపట్నమున దిగి వర్తకశాల నెలకొల్పుకొనిరి. వారి భాషలోని పదము నేడు మన పల్లెలలో ఈసీ యను రెండక్షరములై నిలిచినది. పదము వారిది. కాని ఆ పదము చెప్పు భావము వారు రాకముందే మనకు కలదు.

మన వాడుకభాషను చూడుడు. కుదువ అన్నది అచ్చతెలుగు. తనఖా అన్నది పారసీకమునుండి వచ్చినది. తాకట్టు, భోగబంధకము అను మాటలు మీరెల్లరు ఎరిగినవే. ఇక ఆస్తితో నిమిత్తము లేకుండ మనము నిత్యము పలుకు జంటపదము ఒకటి కలదు: బరువు బాధ్యతలు. బాధ్యత యను పదమునకు మూలము 'బాధ్' అను ధాతువు. నిరోధించుట, అడ్డుట, పీడించుట దాని యర్థములు. నిరోధింపబడినవాడు బాధ్యుడు. తన యిష్టము వచ్చినట్లు కదలుటకు వీలులేనివాడని భావము. కుమార్తె వివాహము, ముసలితల్లి పోషణ, తండ్రి చేసిన అప్పు, ఇవన్నియు మనుష్యునికి బాధ్యతలు. మనుష్యునికి బాధ్యత యెట్టిదో భూమికి ఎన్‌కంబరెన్సు అట్టిది.

సంస్కృతమున తాకట్టునకు పేరు ఆధి. ఇది మిగుల విచారింపదగిన పదము. ఆధివ్యాధులు అని మనము అనుచుందుము. అచ్చట ఆధి యనగా మనోవ్యథ, వ్యాధి యనగా శరీరపీడ. అమరసింహుడు తన కోశమునందలి నానార్థవర్గములో ఆధి శబ్దమునకు బంధకము, వ్యసనము, చిత్తపీడ, అధిష్ఠానము అని నాలుగు అర్థములు చెప్పెను. బంధకమనగా తాకట్టు. ఒకే శబ్దము తాకట్టునకును మనోవ్యథకును పేరైనది. పొలము కుదువపెట్టి నిదురలేని రాత్రులు గడపిన రైతునకు ఈ రెండర్థముల చుట్టరికమును ఏ పండితుడును బోధింపనక్కరలేదు.

ఆధిని గూర్చి మన స్మృతికారులు సూక్ష్మముగా విచారించిరి. దాచి యుంచుటకు మాత్రమే ఇచ్చునది గోప్యాధి. ఋణదాత అనుభవించుటకు ఇచ్చునది భోగ్యాధి. తాకట్టుగల ఋణమునకు నెలకు ఎనుబదియవ వంతు వడ్డిగా చెప్పబడినది. అనగా నూటికి ఏటికి పదునైదు. భోగ్యాధిపై ఋణదాత పంటను అనుభవించుచున్నాడు గనుక వడ్డి పుచ్చుకొనరాదని మనువు శాసించెను. ఫలము అనుభవింపబడుచున్న ఆధి ఎంతకాలము గడచినను యజమానునికి నశింపదని యాజ్ఞవల్క్యుడు చెప్పెను.

ఈ ధర్మములు మన నెల్లూరుసీమకు ఏనాడో తెలుగున చేరినవి. తిక్కన సోమయాజికి దశకుమారచరిత్రమును అంకితమిచ్చిన కేతన మహాకవియే, యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్యయైన మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేర పదుమూడవ శతాబ్దిలో తెనిగించెను. అప్పు, తాకట్టు, సాక్షి, దస్తావేజు అను వ్యవహారములు సంస్కృతము రానివారికిని తెలియవలెనని ఆనాటి పెద్దలు తలచిరనుటకు ఇదియే నిదర్శనము.

నేటి న్యాయమును కొంత చూతము. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము తనఖాలను ఆరు విధములుగా విభజించినది. మనము భోగబంధకమనునది అందొకటి. ఋణము తీర్చి భూమిని విడిపించుకొను హక్కును ఆ చట్టము 60వ విభాగమున స్థిరపరచినది. ఒకమారు తనఖాయైనది ఎప్పటికిని తనఖాయే, అది మాటల మాయచే విక్రయము కానేరదని న్యాయస్థానములు పలుమారులు చెప్పినవి. భోగబంధకము విషయమున, తనఖా వ్రాసిననాటినుండి ముప్పదియేండ్లు గడచినంతమాత్రమున విడిపించుకొను హక్కు పోదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఫలభోగ్యమైన ఆధి నశింపదన్న యాజ్ఞవల్క్యుని మాటకును ఈ తీర్పునకును గల సామ్యమును మీరే గమనింపుడు.

ఇక ఈసీ ఏమి చెప్పును, ఏమి చెప్పదు? 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమును అనుసరించి స్థిరాస్తి దస్తావేజులను మొదటి పుస్తకమున ఎక్కింతురు. మీరు కోరిన సంవత్సరములలో ఆ ఆస్తిపై నమోదైన క్రయము, దానము, తనఖా, భాగపంపకము మొదలగువానిని వెదకి వ్రాసి యిచ్చునది ఈసీ. నమోదైనదానినే అది చెప్పును. నమోదు కానిదానిని చెప్పజాలదు. అన్నదమ్ములు నోటిమాటతో చేసికొన్న పంపకము అందుండదు. వీలునామా వేరు పుస్తకమున ఉండుటచే అందు కనబడదు. దస్తావేజులను బ్యాంకులో ఉంచి తెచ్చిన అప్పు అన్నివేళల కనబడునని చెప్పుటకు లేదు. న్యాయస్థానమున నడచుచున్న వ్యాజ్యము కనబడకపోవచ్చును. కౌలుదారుడు, పొరుగు పొలమువారి బాట, కాలువనీటి హక్కు కనబడవు. కావున ఏ భారమును లేదని ఈసీ వచ్చినంతమాత్రమున భూమి నిర్భారమని తలపరాదు. కచేరీ పుస్తకమున భారము లేదని మాత్రమే దాని యర్థము. ఊరివారి నోట ఏమున్నదో, ఇంటివారి మనసున ఏమున్నదో వేరుగ విచారింపవలెను.

మహాశయులారా! ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాను. అమ్మకమునందు కొనువాడు జాగ్రత్తపడును. ఆస్తిలోని లోపమును అమ్మువాడు తెలుపవలెననియు, ఉన్న భారములను తీర్చి ఇయ్యవలెననియు 55వ విభాగము విధించినది. కాని దానమునందు పుచ్చుకొనువాడు దేవుడు. ఆయన ప్రశ్నింపడు. ఆయన పక్షమున ప్రశ్నింపవలసిన ధర్మకర్తలు భక్తుని ఎట్లడుగుదుమని మొగమాటపడుదురు. దేవతామూర్తిని ఆస్తి కలిగియుండదగిన వ్యక్తిగా 1925లో ప్రివీ కౌన్సిలు అంగీకరించినది. తన వ్యవహారములను ఇతరులచేతనే నడిపించుకొనవలసిన ఆయనను న్యాయకోవిదులు మైనరు బాలునితో పోల్చిరి. బాలుని చేతిలో భారమును పెట్టుట ఎంత తప్పో, దేవుని చేతిలో పెట్టుటయు అంత తప్పు.

పైగా ఆ భారమును దింపుకొనుట దేవునికి సులభము కాదు. మనకు అప్పు మీదపడినచో కొంత భూమి అమ్మి తీర్తుము. దేవాదాయ సంస్థల భూమిని కమిషనరు ముందస్తు అనుమతి లేక అమ్మరాదు, తనఖా పెట్టరాదు. అది 1987 నాటి 30వ చట్టము, 80వ విభాగము. రిజిస్ట్రేషను చట్టములోని 22-ఏ విభాగమును బట్టి అట్టి భూముల క్రయ దాన పత్రములను నమోదు చేయుటకును నిషేధము కలదు. ఈ కట్టుబాట్లు దేవుని ఆస్తిని కాపాడుటకే ఏర్పడినవి. కాని భారముతో వచ్చిన భూమి విషయమున అవియే స్వామి చేతులను కట్టివేయును.

అందుచేతనే నారదస్మృతి అదేయములను, అనగా దానమీయరానివానిని, ఎనిమిదింటిని పేర్కొన్నది. ఒకరు మరియొకరికి చేర్చుమని అప్పగించినది, వాడుకకై ఎరువు తెచ్చుకొన్నది, ఆధి, ఉమ్మడి సొత్తు, నమ్మి దాచుకొన్నది, భార్యాపుత్రులు, సంతానముండగా సర్వస్వము, ఇంతకుముందే ఒకరికి ఇచ్చెదనని మాట యిచ్చినది. ఈ ఎనిమిదింటిలో ఆధి ఉన్నది, ఉమ్మడి సొత్తు ఉన్నది. కుటుంబమునకు విరోధము కలుగనంతవరకే తన సొత్తును దానము చేయవలెనని యాజ్ఞవల్క్యుడును చెప్పెను. దానమును పొగడిన ఋషులే దానమునకు హద్దు గీసిరి.

దీనికి మూడు దృష్టాంతములు చెప్పెదను. ఇవి ఊహించి చెప్పునవే గాని ఏ యొకరిని ఉద్దేశించినవి కావు.

మొదటిది. ఒక రైతు నాలుగెకరములు స్వామికి వ్రాసియిచ్చెను. అందు రెండెకరములు బ్యాంకు తనఖాలో ఉన్నవి. ఒకే దానమున భారముగలది, భారములేనిది కలిసియున్నచో, పుచ్చుకొనువాడు మంచిదానిని మాత్రము గ్రహించి బరువును విడువరాదని 127వ విభాగము చెప్పుచున్నది. కొనినచో అన్నియు కొనవలెను, లేనిచో అన్నియు విడువవలెను. ఒకడు తన ఆస్తి సర్వస్వమును ఇచ్చివేసినచో, పుచ్చుకొనువాడు ఆ ఆస్తి మేరకు దాత అప్పులకును బాధ్యుడగునని 128వ విభాగము. సంతానముండగా సర్వస్వము ఈయరాదన్న నారదుని మాటకు ఇది ఇంకొక ముఖము.

రెండవది. ఒకడు అప్పులవారి ఒత్తిడి పడలేక, భూమి వారి పాలగుటకంటె దేవుని పాలగుట మేలని దానపత్రము వ్రాసెను. లోకము అతనిని భక్తుడనును. శాస్త్రము ఆ మాట అనదు. ఋణదాతలను వంచించుటకు చేసిన బదలాయింపును వారు న్యాయస్థానమున తొలగింపజేయవచ్చునని 53వ విభాగము. మూల్యమిచ్చి సద్బుద్ధితో కొన్నవానికి అచ్చట రక్షణ కలదు. ఊరక పుచ్చుకొన్నవానికి లేదు. అనగా రేపు న్యాయస్థానమున తలవంచవలసినవాడు స్వామియే. ఒకరి సొమ్ము ఎగవేయుటకు దేవుని పేరు వాడుకొనుట దానము కాదు, అపచారము.

మూడవది నా మనసును మిగుల కలచునది. ఒక కుమారుడు తండ్రివలన వచ్చిన రెండెకరములను స్వామికి సమర్పించెను. ఆ పొలము వడ్లే అతని తల్లికి గ్రాసము. ఈసీ తీసి చూచిరి. ఏ భారమును లేదు. ఆ తల్లి హక్కు ఏ పుస్తకమునను ఎక్కలేదు గదా! కాని చట్టము ఆమెను మరవలేదు. భూమి ఫలసాయముపై పోషణహక్కు గలవారు ఉన్నచో, ఆ భూమి చేతులు మారినను, తెలిసి పుచ్చుకొన్నవానిపై ఆ హక్కు నిలుచును. ఉచితముగా పుచ్చుకొన్నవానిపై, అతనికి తెలిసినను తెలియకున్నను నిలుచును. ఇది 39వ విభాగము. ఒకవేళ చట్టము మరచినను మనము మరవవచ్చునా? ఆ తల్లి కంచములోని మెతుకులు తీసి పళ్లెరమున పెట్టినచో, దానిని జగన్మాత నైవేద్యముగా స్వీకరించునా? మీరే చెప్పుడు.

అట్లని భారములన్నియు చెడ్డవని నేను చెప్పుట లేదు. తల్లి పోషణ యను భారము దింపవలసినది కాదు, మోయవలసినది. పొరుగువాని ఎడ్లబండి బాట మూయవలసినది కాదు, విడువవలసినది. ధర్మము కోరునది భారము లేకుండుట కాదు, భారమును దాచకుండుట. తీర్పదగినదానిని తీర్చి ఇమ్ము. తీర్పరానిదానిని పత్రమున స్పష్టముగా చెప్పి ఇమ్ము.

దేవుని కొరకు కోరి పెట్టుకొన్న భారములును కలవు. నెల్లూరు జిల్లా శాసనములను బట్టర్‌వర్తు, వేణుగోపాలచెట్టి గార్లు సంకలించి 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. ద్రాక్షారామాది క్షేత్రములలోను శాసనములు కొల్లలు. ఆంధ్రదేశ శాసనములలో తరచు కనబడునది అఖండదీపదానము. దాత కొన్ని గొఱ్ఱెలనో ఆవులనో ఇచ్చును. వానిని చేకొన్న బోయడు దినమునకు ఇంత నేయి చొప్పున దీపమునకు పోయవలెను. అతని పిదప కొడుకు, ఆ పిదప మనుమడు, సూర్యచంద్రులున్నంతవరకు. ఇదియు భారమే. కాని ఇది అందరి యెదుట రాతిమీద చెక్కిన భారము. దాగినది కాదు. నేడును భూమిని తమ యొద్దనే ఉంచుకొని, దాని ఆదాయమునుండి ఏటేట స్వామిదీపమునకు ఇంత చెల్లింపవలెనని పత్రము వ్రాసి నమోదు చేయువారు కలరు. ఆ భారము ఈసీలో కనబడును. కనబడుటయే దానికి శోభ.

పూర్వరాజులు తామ్రశాసనములలో భూమినిచ్చునపుడు సమస్త పన్నులనుండి విడుదల చేసి ఉదకపూర్వముగా ఇచ్చితిమనియు, దీనిపై ఎవ్వరును బాధ కలిగింపరాదనియు వ్రాయించెడివారు. రాజు సహితము ముందు భారము తొలగించి, తరువాతనే ధారపోసెనన్నమాట. మన క్రయపత్రములలో నేటికిని నిధి నిక్షేపములతో మొదలగు అష్టభోగముల మాట వచ్చును. దాని వెంటనే, ఈ ఆస్తిపై ఏ తాకట్టులును జప్తులును లేవన్న మాటయు వచ్చును. లేఖరి అలవాటుగా వ్రాయును, మనము అలవాటుగా సంతకము చేయుదుము. ఇకమీదట ఆ పంక్తిని ఒక నిమిషము ఆగి చదివి సంతకము చేయుడని నా ప్రార్థన. అది దేవుని యెదుట చేయు ప్రమాణము.

ఆచరణకు కొన్ని మాటలు. దానము చేయదలచినవారు కనీసము ముప్పది సంవత్సరములకు ఈసీ తీయించుడు. తనఖా విడిపించుకొనుటకు 1963 నాటి కాలపరిమితి చట్టము సామాన్యముగా ఇచ్చిన గడువు ముప్పదియేండ్లు గనుక ఈ లెక్క. మీ గ్రామము ఈ నడుమ ఒక కచేరీ పరిధినుండి మరియొక కచేరీ పరిధికి మారియున్నచో రెండింట వెదకించుడు. 2022 ఏప్రిలులో వాకాడు నెల్లూరు జిల్లానుండి తిరుపతి జిల్లాలో చేరిన సంగతి మీరెరుగుదురు. పరిధులు మారుట మనకు క్రొత్త కాదు. ఇంటిలో అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను, తల్లిని కూర్చుండబెట్టి సంకల్పము చెప్పుడు. పొలముగట్టున నిలిచి పొరుగువారిని, కౌలుదారుని అడుగుడు.

అప్పు తీర్చినవారు తీర్చితిమని ఊరకుండవలదు. సొమ్ము చెల్లించియు చెల్లుపత్రము వ్రాయించుకొననివారు పెక్కుమంది కలరు. అప్పు పోయినను తనఖా పుస్తకమున అట్లే నిలుచును. ఋణము తీర్చిన పిదప పత్రమును చింపివేయవలెను, లేదా శుద్ధికొరకు వేరొక పత్రము వ్రాయించుకొనవలెనని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. ఆ మహర్షి వాడిన మాట శుద్ధి. మడిగట్టి పూజ చేయు మనము భూమికి గల ఈ శుద్ధిని మరవరాదు.

ధర్మకర్తలకును ఒక విన్నపము. దాతను ఈసీ అడుగుట అవమానము కాదు. పుష్పమును స్వామికి అర్పించుటకు ముందు పురుగున్నదేమో చూచుట పుష్పమిచ్చినవానిని అవమానించుట యగునా? భూమియు అట్లే. సందేహమున్న దానమును నమ్రతతో ఆపుడు. భారము తీరిన పిదప సంతోషముతో స్వీకరింపుడు.

భారము తీర్చు శక్తి నేడు లేనివారు చింతింపవలదు. భూమియే ఈయవలెనన్న నియమము ఎచ్చటను లేదు. ఒక గిద్దెడు నూనె, ఒక దోసెడు బియ్యము, ప్రాంగణమున ఒక పూట ఊడ్పు, ఇవియును దానములే. ఎవరికిని బాకీ లేని దోసెడు బియ్యము, తనఖాలోనున్న పదియెకరములకంటె స్వామికి ప్రీతికరము. మనము ఆధివ్యాధులు తొలగింపుమని స్వామిని వేడుచున్నాము. ఆయనకు మన ఆధిని అప్పగింపకుండుట మన ధర్మము.